పంపులో ఇంజనాయిలు

గణపవరం రాజుగారి ఫ్రెంచి కారు పంపును మెకానిక్కు యోబే పాడుచేశాడని ఏలూరంతా చెప్పుకుంటున్నారు గానీ, అది పచ్చి అబద్ధం. ఎంత బరువెక్కినా ఆ పంపు తోసే నూనె ఒత్తిడితో దానంతటదే ఎత్తు సరిచేసుకుని నిలబడే ఆ కారు వెనకభాగం ఒకనాడు కూలబడింది. యోబు ఎప్పటిలాగే పొడవాటి స్క్రూడ్రైవరు పంపుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని విన్నాడు. నూనెను వేళ్లతో నలిపి వాసన చూశాడు. ఆ పంపుకి పొయ్యాల్సిన ప్రత్యేకమైన నూనెకు బదులు ఎవరో ఇంజనాయిలు పోశారు, లోపలి రబ్బర్లు ఉబ్బిపోయాయి. "ఎవడు పోశాడ్రా?" అని రాజుగారు గద్దించారు. యోబే బతిమాలి అక్కడ డ్రైవరుగా పెట్టించిన బావమరిది కృపావరం, "మా బావేనండీ" అన్నాడు. యోబు చేతులు తుడుచుకుని ఇంటికొచ్చేశాడు. అప్పటినుంచీ అతని మరమ్మతు షెడ్డుకు ఒక్క కారూ రాలేదు.

"వాడు నా తమ్ముడైతే మాత్రం, పోసింది వాడేనని నిజం చెప్పొద్దాండీ? నోరెందుకు మెదపలేదు?" అని భార్య వరమ్మ నిలదీసింది.

"ఆ మాట అంటున్నప్పుడు వాడి గొంతు కాస్తయినా వణకలేదు వరమ్మా. అది విన్నాక, ఇక వాణ్ణి బాగుచెయ్యడం నా వల్ల కాదని వచ్చేశాను."