ఆ పాఠాలు చదివిన గొంతు నాదే

ఆ పుస్తకాలను మా వాకిట్లో మొదట గట్టిగా చదివింది నేనే. ఈ మాట ముందే చెప్పకపోతే, తర్వాత నేను చూపించే కోపమంతా అబద్ధమవుతుంది.

మాది బోధన్‌లో, మూతబడిన చక్కెర ఫ్యాక్టరీకి వెనుక వైపు గల్లీ. బాపు ఆ ఫ్యాక్టరీలో సీజన్ కూలీ. సీజన్ లేని నెలల్లో మమ్మల్ని కన్న అవ్వ, నేను, చెల్లె బీడీలు చుట్టి ఇల్లు నడిపాం. బాపు, అవ్వ ఇప్పుడు లేరు. మేమిద్దరం ఒకే గల్లీలో ఎదురెదురు ఇళ్ళలో ఉంటూ ఇంకా చుడుతూనే ఉన్నాం. పొద్దున పదింటికల్లా ఆరేడుగురు ఆడవాళ్ళు చాటలు ఒళ్ళో పెట్టుకుని మా వాకిట్లో కూర్చుంటారు. తునికాకు కత్తిరించడం, తంబాకు పొయ్యడం, చుట్టి దారం కట్టడం. చేతులకూ కళ్ళకూ తీరిక ఉండదు, చెవులు మాత్రం ఖాళీగా ఉంటాయి. అందుకే మా దగ్గర ఒక పద్ధతి పడింది. ఒకరు చాట పక్కన పెట్టి చదువుతారు, మిగతావాళ్ళు చుడుతూ వింటారు. చదివే మనిషి పని ఆగిపోతుంది కాబట్టి, లేచేటప్పుడు తలా ఒక బీడీల కట్ట ఆమె చాటలో వేసిపోతారు.

ఇరవై ఏళ్ళుగా ఆ చదివే మనిషిని నేనే. ఏడో తరగతితో బడి మానేసిన నాకు మా ఊరి గ్రంథాలయమే పెద్ద బడి. కథలు, చరిత్ర, ఆరోగ్యం, చట్టం, ఏది దొరికితే అది చదివాను. అక్కడ పొడుగాటి బల్ల మీద నాలుగైదు పేపర్లు పరిచి ఉంటాయి. ఒకే గొడవ ఒక పేపర్లో ఒక తీరుగా, ఇంకో పేపర్లో ఇంకో తీరుగా ఉండడం చూసి, పక్కపక్కన పెట్టి చదవడం నాకు నేనే నేర్చుకున్నాను. ఎవడు ఏం చెప్పాడన్నదే కాదు, ఏం చెప్పకుండా వదిలేశాడో కూడా కనిపెట్టగలనని నాకు గర్వం. ఆ గర్వం ఎందుకూ పనికిరాలేదని ఇప్పుడు చెప్పబోతున్నాను.

నిరుడు చెల్లెకు టీబీ అని తేలింది. తంబాకు దుమ్ములో పుట్టి పెరిగిన మాకు దగ్గు కొత్త కాదు. ఇది మాత్రం వేరే దగ్గు. సర్కారు దవాఖానాలో మందు బిళ్ళలు ఇచ్చారు. ఆరు నెలలు ఒక్క రోజు కూడా తప్పొద్దన్నారు. మొదటి నెలంతా తప్పకుండా వేసుకుంది. మొహం తేటబడింది, మళ్ళీ నవ్వడం మొదలుపెట్టింది.

అప్పుడే పాఠాల అక్క వచ్చింది. ఆమెను మేం అలాగే పిలిచేవాళ్ళం. నిజామాబాద్ నుంచి ప్రతి గురువారం వచ్చేది. ఇస్త్రీ చీర, చేతిలో సంచి, సంచిలో పాఠానికొకటి చొప్పున అందరికీ పంచే పల్చటి పుస్తకాలు. అట్ట మీద దేవుడి బొమ్మ, దాని కింద అంతకన్నా కొంచెం పెద్దగా ఆ పాఠాలు రాయించిన గురువు బొమ్మ. ఆ కొలత తేడా నాకు మొదటి రోజే కనిపించింది. కనిపించినా నోరు తెరవలేదు. ఎందుకంటే ఆమె వచ్చీ రాగానే అడిగింది నా గురించి.

"ఇక్కడ చదివే తల్లి ఎవరమ్మా? మీ గొంతు గురించి నిజామాబాద్ దాకా చెప్పుకుంటున్నారు."

ఎవరూ చెప్పుకోవడం లేదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా పుస్తకం అందుకున్నాను.

మొదటి పాఠాలు చాలా మంచివి. ఇల్లు శుభ్రంగా ఉంచుకోండి, పెద్దవాళ్ళను ఎదిరించకండి, కోపం వచ్చినప్పుడు నీళ్ళు తాగండి. ఎవరు కాదంటారు? ప్రతి పాఠం చివర ప్రశ్నలు ఉండేవి. నేను ప్రశ్న చదివితే అందరూ కలిసి జవాబు చెప్పేవాళ్ళు. జవాబు ఆ ప్రశ్న కిందే అచ్చయి ఉండేది. చదువు రానివాళ్ళు కూడా మూడో పాఠానికల్లా నోటికి నేర్చుకున్నారు. చెల్లె అందరికంటే ముందు చెప్పేది. చిన్నప్పుడు బడిలో ఎవరూ మెచ్చుకోని మనిషి. పాఠాల అక్క ఆమె గడ్డం పట్టుకుని "నువ్వు ముందుకు వెళ్ళే తల్లివి" అంటే దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మేమంతా ఖాలా అని పిలిచే పక్కింటి పెద్దామె కూడా మాతోనే కూర్చుని చుడుతుంది. బోధన్‌లో ఏడు తరాల నుంచి ఉన్న ముస్లిం కుటుంబం వాళ్ళది. పాఠం నడుస్తుంటే దారం పళ్ళతో తెంపుతూ ఒకసారి అంది.

"ఏం బేటీ, నీ పుస్తకంల సవాల్ కిందనే జవాబుంటది. గది పరీక్షనా, తీర్పు ముందే రాసుకున్న పంచాయితా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి మళ్ళీ చదివాను.

ఆరో పాఠంలో ఇలా ఉంది: ఈ పాఠాలు నడుస్తున్నంత కాలం వేరే పుస్తకాలు ముట్టుకోకండి, మనసు చెదురుతుంది. గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకం నా పక్కనే చాపమీద ఉంది. అయినా ఆ వాక్యాన్ని గొంతు మార్చకుండా చదివేశాను. ఇప్పటికీ అది తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. దేవుడి బొమ్మ ఉన్నదాన్ని పేపర్ల పక్కన పెట్టి చూడాలన్న ఆలోచనే నాకు రాలేదు.

ఎనిమిదో పాఠం చివర ఒక పేజీ ఖాళీ గీతలతో ఉంది. "నా నమ్మకానికి అడ్డు నిలిచేవారు" అని పైన శీర్షిక. "గిది ఎవరింట్ల వాళ్ళు నింపుకోండ్రి" అని చెప్పి పుస్తకం మూశాను. కింద సన్నటి అక్షరాలేవో ఉన్నాయి. అన్నం పొయ్యి మీద పెట్టి వచ్చాను, తొందరలో అవి చదవలేదు.

నెల గడిచింది. చెల్లె మళ్ళీ దగ్గడం మొదలుపెట్టింది. అడిగితే చలి అంది. ఆశా కార్యకర్త వచ్చి ఖాళీ అయిన బిళ్ళల అట్టలు అడిగితే చెత్తలో పడేశానంది. నేను "బిళ్ళలు ఏసుకుంటున్నవా?" అంటే నవ్వేది. ముందైతే "ఎన్నిసార్లు అడుగుతవే?" అని కసిరేది. ఆ నెలంతా నవ్వింది.

ఒక రోజు నాకు ఆకు తక్కువైతే చెల్లె ఇంటికి వెళ్ళాను. చెల్లె నల్లా దగ్గర నీళ్ళు పడుతోంది. మూలన తడి గోనె కింద తునికాకు కట్టలున్నాయి. ఒక కట్ట తీస్తే దాని కింద ప్లాస్టిక్ కవరు. కవర్లో బిళ్ళల అట్టలు. ఒక్కటి కూడా విప్పలేదు. వాటి మీద ఎనిమిదో పాఠం పుస్తకం.

ఖాళీ పేజీ ఇప్పుడు ఖాళీగా లేదు. మొదటి గీత మీద చెల్లె చేతిరాతతో "మా అక్క" అని ఉంది. కారణం రాయమన్న చోట "మందు మందు అని సతాయిస్తది" అని ఉంది. దాని కింద నేను చదవకుండా వదిలేసిన సన్నటి అక్షరాలు: వీరితో వాదించకండి. నవ్వి ఊరుకోండి. మీ లోపలి సంగతులు వీరికి చెప్పకండి.

నా చెల్లె నవ్వులు కూడా ఎవరో అచ్చు వేయించి పంపినవే. ఆ గోనె పక్కన కూలబడి ఎంతసేపు ఉన్నానో తెలియదు. ఏడవలేదు. చదివిందే మళ్ళీ చదివాను, అంతే.

మరుసటి రోజు అన్ని పాఠాలూ సంచిలో వేసుకుని గ్రంథాలయానికి వెళ్ళాను. పేపర్లు ఒక పక్కకు జరిపి, పుస్తకాలన్నీ ఆ పొడుగాటి బల్ల మీద పరిచాను. నాలుగో పాఠంలో భీమ్‌గల్ మహిళ రాసిన ఉత్తరం ఉంది. తొమ్మిదో పాఠంలో మెండోర మహిళ రాసిన ఉత్తరం. ఒకే రోగం, ఒకే ఏడుపు, ఒకే వాక్యాలు, చివరికి ఒకే కామా. ఊరి పేరు ఒక్కటే మారింది. ఇద్దరు ఆడవాళ్ళ కష్టం అంత అచ్చు గుద్దినట్టు ఉండదు. ఒకే చాటలోంచి తీసిన రెండు బీడీలు కూడా అంత ఒక్క తీరుగా ఉండవు.

ఇంకో పాఠం ఇలా మొదలవుతుంది: "మీకు రాత్రి నిద్ర పట్టడం లేదా? మీ ఇంట్లో మీ మాటకు విలువ లేదా? గురువుకు మీ సంగతి ముందే తెలుసు." మా గల్లీలో ఏ ఆడదాన్ని అడిగినా అవుననే అంటుంది. తెలుసుకోవడానికి అక్కడ ఏముంది? కానీ అది చదివినప్పుడు మా వాకిట్లో అందరూ దారం కట్టడం ఆపి నా వైపు చూశారు. నాకు గుర్తుంది.

మందు మానేయమని ఏ పుస్తకంలోనూ లేదు. మూడుసార్లు వెతికాను. ఉన్నది ఒక ప్రశ్న: "నమ్మకం నిండిన శరీరంలో మందుకు చోటెక్కడిది?" దాని కింద మాత్రం జవాబు అచ్చు వేయలేదు. మిగతా అన్ని ప్రశ్నలకూ జవాబు వేసినవాడు ఇక్కడ మాత్రం ఎందుకు వదిలేశాడు? రేపు ఎవరైనా నిలదీస్తే తప్పించుకోవడానికి. జవాబు చెప్పుకోవడం మా చెల్లె పని, చెప్పుకున్నాక చచ్చిపోవడం కూడా మా చెల్లె పనే. రాసినవాడికి పాపం, ఏమీ తెలియదు.

నాకు దేవుడి మీద కోపం లేదు. లింబాద్రి గుట్ట మీది గుడికి ఇప్పటికీ వెళ్తాను, కందకుర్తిలో నది నీళ్ళు తల మీద చల్లుకుంటాను. అక్కడ ఎవరూ ఎవరి చేతా అక్క పేరో చెల్లె పేరో రాయించలేదు.

గురువారం పాఠాల అక్క వచ్చింది. అందరూ కూర్చున్నారు. చెల్లె ముందు వరుసలో ఉంది. నేను పుస్తకం తీసి చదవకుండా, చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

"ఏం తల్లీ, గొంతు బాగాలేదా?" అంది పాఠాల అక్క.

"గొంతు మంచిగనే ఉన్నది. ఇన్ని రోజులు నేను సదివింది నాకే సమజ్ కాలేదు. గది జెప్పాలె ముందు."

సంచిలోంచి ఆ రెండు ఉత్తరాలున్న పుస్తకాలు తీసి పక్కపక్కన పెట్టి చదివాను. భీమ్‌గల్ వాక్యం, మెండోర వాక్యం. మళ్ళీ భీమ్‌గల్, మళ్ళీ మెండోర. మూడో వాక్యానికే ఖాలా పక్కుమంది.

"ఇద్దరూ ఒక్క కడుపుల పుట్టిన కవలలా ఏంది?"

పాఠాల అక్క మొహం మారలేదు. "అనుభవం ఒకటే అయితే మాటలు ఒకటే అవుతాయి తల్లీ. అనుమానం ఉన్నచోట గురువు నిలవడు."

అప్పుడు చెల్లె లేచింది. ఆమె మీదికి కాదు, నా మీదికి.

"ఇయ్యాల అనుమానమొచ్చిందా నీకు? ఎవరు సదివిండ్రే ఇవన్ని? నువ్వు గాదా? లైబ్రరీ బుక్కులు సదివేటామె, మా అక్క సదివితే అబద్ధముంటదా అనుకున్న. నీ గొంతు ఇని బిళ్ళలు ఆపిన. గీమె ముఖం జూసి గాదు!"

ఎవరి చేతులూ కదలలేదు. అది అన్నదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. ఇరవై ఏళ్ళ నుంచి నా గొంతులోంచి వచ్చిన ప్రతి మాటనూ వాళ్ళు నిజమనుకున్నారు. ఆ గొంతు కోసమే పుస్తకాల సంచి మా వాకిలికి వచ్చింది.

"తప్పు నాదే. నాదే," అన్నాను. "నన్ను తిట్టు. గని ఒక్క మాట ఆమెను అడుగు. నీ నోటితోని నువ్వే అడుగు."

చెల్లె దగ్గు ఆపుకుంటూ పాఠాల అక్క వైపు తిరిగింది.

"అక్కా, బిళ్ళలు ఆపి నెలయితాంది. దగ్గు తగ్గలే. గిది ఎందుకు?"

"నీ లోపల ఇంకా కొంచెం అనుమానం మిగిలింది తల్లీ."

"తగ్గితే?"

"గురువు దయ."

"నేను సచ్చిపోతే?"

పాఠాల అక్క చేతిలోని పుస్తకం మూసింది. పుస్తకంలో లేని ప్రశ్న అది. "అలాంటి మాటలు అనకూడదు," అంది.

"అనకూడదా?" అంది చెల్లె. "సచ్చేది నేనైతే, అననీకి గూడ నాకు హక్కు లేదా?"

పాఠాల అక్క సంచి సర్దుకుంది. వాకిలి దాటేటప్పుడు మా గల్లీ ఆడవాళ్ళు ఇద్దరు ఆమె వెంట వెళ్ళారు. పై గురువారం నుంచి పాఠం వాళ్ళలో ఒకరింట్లో నడుస్తోంది. ఆ ఇద్దరిలో అక్కడ చదివేది ఎవరో నాకు తెలుసు. ఆమె గొంతు కూడా బాగుంటుంది.

మరుసటి రోజు పొద్దున చెల్లె దవాఖానాకు వెళ్ళింది. నేను చెప్పులేసుకుని బయటికి వచ్చేసరికి ఖాలా చెయ్యి పట్టుకుని గల్లీ మలుపు తిరుగుతోంది. నన్ను రమ్మనలేదు. కఫం పరీక్షకు పంపారట, డాక్టరమ్మ బాగా కోప్పడిందట, ఇన్ని రోజులు ఎందుకు ఆపావంటే చెల్లె నేల చూసిందట. ఇవన్నీ ఖాలా చెబితేనే నాకు తెలిసింది. జబ్బు ఇంకా మందుకు లొంగుతుందని తేలడానికి పట్టిన రోజుల్లో నేను చుట్టిన బీడీలన్నీ వదులుగా వచ్చాయి. బీడీలు తీసుకునే కార్ఖానాలో చాలావరకు తిప్పి పంపారు.

లొంగుతుందన్నారు. కానీ లెక్క మళ్ళీ మొదటి రోజు నుంచి. మూడు నెలలు వేసుకున్నవి లెక్కలోకి రావట. ఆ పోయిన నెలలు ఎవరి పుస్తకంలో రాయాలి? అట్ట మీద పెద్ద బొమ్మ వేయించుకున్నవాడు వచ్చి రాస్తాడా?

చెల్లె ఇప్పుడు మా వాకిట్లో కూర్చుంటుంది, నాకు దూరంగా, ఖాలా పక్కన. నాతో మాట్లాడదు. పొద్దున పదింటికి అందరూ చాటలు సర్దుకుంటుండగా లేచి నిలబడి, బిళ్ళ నాలుక మీద పెట్టుకుని, నీళ్ళు తాగి, నోరు పెద్దగా తెరిచి నాకు చూపిస్తుంది.

"సూసినవా? మింగిన. ఇగ నువ్వు సప్పుడు జెయ్యకు," అంటుంది.

నేను సప్పుడు చెయ్యను. రోజూ చూస్తాను.