శ్రమదినాల్లో చప్పట్లు లేని పాటకచేరీ: ఏజాక్స్ నుంచి టొరంటోకి

మార్చి, రెండో శనివారం. రెండు లోడ్ల బట్టలు ఉతికి మడిచాను. వారానికి సరిపడా దోసెపిండి రుబ్బాను. ఫ్రిజ్ తుడిచాను. పదకొండుకి బయల్దేరాను.

నిజం చెప్పాలంటే వెళ్ళాలని లేదు. నా తోడికోడలు సునీత నార్త్ యార్క్‌లో ఉంటుంది. నాలుగైదు వందల ఏళ్ళనాటి యూరప్ చర్చి పాటలు పాడే బృందంలో సెప్టెంబరులో చేరింది. ఆడిషన్‌కి ఇద్దరం కలిసే వెళ్ళాం. గుంటూరు చర్చిలో సోలోలు పాడినదాన్ని నేను. మా వంటింట్లో నిలబెట్టి తనకి ఆల్టో, అంటే ఆడవాళ్ళ కిందిగొంతు, పట్టుకోవడం నేర్పిందీ నేనే. తీసుకున్నది మాత్రం తనని. అప్పట్నుంచీ తన పాట గురించి నా నోట ఒక్క మంచిమాట రాలేదు. నిన్న ఫోన్ చేసి, "అక్కా, రేపు నువ్వు రావాలి. మనింట్లో పాట తెలిసినదానివి నువ్వే. ఎలా ఉందో నువ్వే చెప్పాలి" అంది. ఇక తప్పలేదు.

మీరూ వెళ్ళాలనుకుంటే, శనివారాలు ఏజాక్స్ స్టేషన్లో పార్కింగ్‌కి ఇబ్బంది లేదు. రైలెక్కితే గంటలోపే టొరంటో యూనియన్ స్టేషన్. వారాంతపు పాసు పది డాలర్లే. అక్కణ్ణుంచి సబ్‌వే, ఆపైన బస్సు. చర్చి దగ్గర ఆగుతుందా అని, మన దేశంవాడిలా కనిపించిన డ్రైవర్‌ని హిందీలో అడిగాను.

"ఏ చర్చి ఆంటీ? ఈ రోడ్డు మీద నాలుగున్నాయి."

"పాతకాలం పాటలు పాడేది."

"అయితే ఆ నల్లకోట్ల పెద్దవాళ్ళ వెనకే దిగిపోండి" అన్నాడు నవ్వుతూ.

రాతి చర్చి, లోపల బయటకంటే చలి. రెండింటికి మొదలైంది. మొదటి సగం లాటిన్‌లో పశ్చాత్తాప కీర్తనలు. వాయిద్యాల్లేవు. ఒక గొంతు ఒక మాట ఎత్తుకుంటే రెండోది అదే మాట అందుకుంటుంది, తర్వాత మూడోది. తప్పు ఒప్పుకోవడానికి ఒకరి వెనక ఒకరు వరసలో నిలబడ్డట్టుంది. నల్లగౌనులో సునీత రెండో వరసలో ఉంది. చెవులు రిక్కించినా తన గొంతు పట్టుకోలేకపోయాను. పాట ముగిసింది. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. రెండో పాటకీ అంతే, మూడోదానికీ అంతే. నా కడుపుమంట కాస్త చల్లారింది.

"పాపం, జనానికి నచ్చినట్టు లేదు" అన్నాను పక్కనున్న పెద్దావిడతో.

ఆవిడ గుమ్మంలో పంచిన పాటల కాగితం చూపించి గుసగుసలాడింది: "ఈస్టర్ ముందు శ్రమదినాలు కదా, ఈ పాటలకి కొట్టరు. క్షమాపణ అడిగేవాళ్ళకి చప్పట్లేమిటి?"

ఆ తర్వాత మరియమ్మ పాటలు. మా చర్చి సంఘంలో ఆమె పేరు క్రిస్మస్‌కి తప్ప పాటల్లో వినబడదు. ఇక్కడ ఆమె సిలువ కింద నిలబడి ఉంది. ఆల్టోలు ఒకే స్వరాన్ని ఎంతోసేపు నిలబెట్టారు. సునీత ఊపిరి తీసుకోవడం కళ్ళారా చూశాను, స్వరం మాత్రం ఎక్కడా తెగలేదు. పక్కవాళ్ళు మోశారు. తర్వాత వాళ్ళు ఊపిరి తీసుకుంటే తను మోసింది. నేనైతే అక్కడో గమకం వెయ్యకుండా ఊరుకోలేను. నన్నెందుకు వద్దన్నారో అప్పుడు తెలిసింది. తెలిసేసరికి ఇంకాస్త మండింది.

చివర్లో టీ దగ్గరికి సునీత పరుగున వచ్చింది. "ఎలా ఉందక్కా?"

"నీ గొంతు ఎక్కడా వినబడలేదే." గుచ్చుకోవాలనే అన్నాను.

సునీత మొహం వెలిగిపోయింది. "ఒట్టు? నీ చెవికి కూడానా? నా గొంతు బయటికి పొడుచుకొస్తోందని మా డైరెక్టర్ ఆర్నెల్లుగా తిడుతున్నాడక్కా!"

"ఒట్టు" అన్నాను. ఒక టీకప్పు తన చేతికిచ్చి, "ఆ పని నాకు చేతకాదే. బాగా పాడావు" అన్నాను. ఈసారి గుచ్చడానికి కాదు.

తను టీకప్పు పక్కన పెట్టేసి నన్ను గట్టిగా పట్టుకుంది. "ఈ మాట కోసమే పిలిచాను."

తిరుగు రైల్లో ఆలోచించాను. అసూయ పోయిందా అంటే పోలేదు, ఆ నల్లగౌను ఇప్పటికీ కళ్ళలో మెదులుతోంది. కానీ ఒకరికి ఊపిరి అందని చోట ఇంకొకరు స్వరం పట్టుకోవడం చూశాక, ఒక్కదాన్నే ముందు నిలబడి పాడిన రోజులు కొంచెం చిన్నవిగా కనిపించాయి. మీకో సలహా: శ్రమదినాల్లో వెళ్తే కోటు విప్పకండి, చేతికిచ్చిన కాగితం చదివాకే చప్పట్ల సంగతి చూడండి.

సునీతకి సెప్టెంబరు నుంచి బాకీ ఉన్న మంచిమాట ఈరోజు ఇచ్చేశాను. చెల్లు.