ఆ షెడ్డులో మాత్రమే నిలిచిన స్పీడు

ముందే చెబుతున్నాను, నాకు దయ్యాలంటే నమ్మకం లేదు. ఇది జరిగాక కూడా లేదు. కంప్యూటర్లు బాగుచేసే మనిషికి ఆ నమ్మకం ఉంటే షాపు నడవదు. మల్యాల నుంచి ఒకాయన తన కంప్యూటర్‌కు గాలి సోకిందని, క్యాబినెట్‌కు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టి మరీ తెచ్చాడు. విప్పి చూస్తే ఫ్యాను రెక్కల మధ్య బల్లి ఇరుక్కుని ఎండిపోయి ఉంది. బల్లిని తీసేశాను, గాలి వదిలింది. నిమ్మకాయలు తాజాగానే ఉన్నాయని ఆ మధ్యాహ్నం షర్బత్ కలుపుకుని తాగాను. నాకేమీ కాలేదు.

మాది కోరుట్ల. షాపు జగిత్యాలలో. మా ఆయన దుబాయ్‌లో పనిచేస్తాడు. అందరి మొగుళ్లూ సెలవుకు వస్తూ బంగారం తెస్తే మా ఆయన పెట్టెలో దుప్పట్ల మధ్య చుట్టి గ్రాఫిక్స్ కార్డులు తెస్తాడు. మా అత్తమ్మ మొదట్లో మొహం మాడ్చుకునేది. ఇప్పుడు ఆమే దగ్గర కూర్చుని దుప్పట్లు విప్పుతుంది.

గ్రాఫిక్స్ కార్డంటే కంప్యూటర్‌లో బొమ్మలు గీసే భాగం. కంపెనీ దానికి ఒక స్పీడు కట్టి పంపుతుంది. కానీ చాలా కార్డులకు లోపల ఇంకా సత్తా ఉంటుంది. ఆ స్పీడును కొంచెం కొంచెంగా పెంచుతూ, పెంచిన ప్రతిసారీ దానికి ఊపిరాడనంత పని పెట్టి చూడాలి. బొమ్మలో రంగులు చిట్లినా, స్క్రీను బిగుసుకుపోయినా హద్దు దాటామన్నమాట. అక్కడి నుంచి ఒక మెట్టు దిగి, రోజంతా పరుగెత్తించి, నిలబడితేనే మనిషి చేతికి ఇస్తాను. ఓవర్‌క్లాకింగ్ అంటే ఇదే. ఈ పనిలో నా చేతికి వంక పెట్టినవాళ్లు లేరు. గొప్పలు పోతోందని అనుకున్నా పరవాలేదు. నేను పాసు చేసిన కార్డు మళ్లీ నా షాపు గడప ఎక్కలేదు, ఒక్కటి తప్ప.

ఆ కార్డు లావణ్యది. లావణ్య వాళ్లది సిరిసిల్ల. వాళ్ల నాన్న నర్సయ్య సాంచాల ఆసామి. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. సేటు దగ్గర నూలు తెచ్చుకుని, సొంత సాంచాల మీద బట్ట నేసి ఇచ్చేవాడు ఆసామి. ఇంటి ముందు సందు దాటితే ఆయన షెడ్డు. పోయినేడు గుండెపోటుతో పోయాడు. ఆయనతో పాటే సాంచాలూ పోయాయి, తుక్కు కింద అమ్మేశారు. షెడ్డు మిగిలింది. హైదరాబాద్‌లో త్రీడీ యానిమేషన్ నేర్చుకుని వచ్చిన లావణ్య ఆ షెడ్డులోనే కంప్యూటర్ పెట్టుకుంది.

హైదరాబాద్‌లో ఒక యాడ్ల స్టూడియో ఆమెకు చీరల యాడ్ ఒకటి ఇచ్చింది. గాలిలో ఎగిరే పట్టుచీర, దగ్గరికి వెళ్తే ప్రతి పోగూ కనబడాలి. సోమవారం పొద్దుటికి ఇస్తే ఏడాది పొడుగునా పని ఇస్తామన్నారు. ఇంకోపక్క లావణ్య చిన్నాయన శంకర్, ఆ షెడ్డు సిమెంటు గోదాముకు ఇమ్మని చాలా రోజులుగా అడుగుతున్నాడు. ఆయనదీ తప్పనలేను, ఖాళీ షెడ్డును చూస్తూ ఎవరు ఊరుకుంటారు? లావణ్య తల్లి రాజవ్వ ఇద్దరికీ సోమవారమే గడువు పెట్టింది. ఆ రోజుకు పని నిలబడితే షెడ్డు బిడ్డది, లేకపోతే మరిదిది.

యాడంటే వేల బొమ్మలు. కార్డు ఒక్కో బొమ్మనూ గీసుకుంటూ పోవాలి, రెండరింగ్ అంటారు. కంపెనీ స్పీడులో గీస్తే సోమవారానికి తెమలదు. అందుకే లావణ్య నన్ను వెతుక్కుంటూ జగిత్యాల వచ్చింది. మా ఆయన తెచ్చిన వాటిలో అన్నిటికన్నా పెద్ద కార్డు తీసి, స్పీడు పెంచి, రోజంతా పరీక్ష పెట్టాను. చెక్కు చెదరలేదు. బస్సు కుదుపులకు దెబ్బ తింటుందని కారు మాట్లాడుకుని, చంటిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్లో పట్టుకుని సిరిసిల్ల తీసుకెళ్లాను. బిగించాను, ఇక నిశ్చింతగా ఉండమని చెప్పి వచ్చాను.

మర్నాడే ఫోను. "అక్కా, ఆగిపోయింది" అంది లావణ్య. గొంతులో ఏడుపు ఉంది.

నాకు వచ్చింది కోపం. కార్డు మీద కాదు, నా మాట పోయిందని. శనివారం షాపు మూసి, బట్టల సంచీ కూడా తీసుకుని బయలుదేరాను.

సిరిసిల్లలో ముందు కరెంటును అనుమానించాలి. చుట్టూ సాంచాల షెడ్లు, కరెంటు పోయి వచ్చిందంటే అన్నీ ఒక్కసారే లేస్తాయి, వోల్టేజి కుంగిపోతుంది. మంచి యూపీఎస్ పెట్టి, మీటరు తగిలించి చూశాను. కరెంటు తప్పు లేదు. షెడ్డు మూలల్లో ఏళ్లనాటి నూలు దుమ్ము తెల్లగా పేరుకుని ఉంది. అది ఫ్యాన్లలోకి పోతుందేమోనని అంతా ఊడ్చి తుడిపించాను. కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే ఎస్ఎంపీఎస్ మార్చాను. వేడి చూశాను, చల్లగా ఉంది. పరీక్ష పెడితే కార్డు బుద్ధిగా పాసవుతుంది. అసలు పని అప్పగిస్తే కాసేపు నడిచి బిగుసుకుపోతుంది. స్పీడు యాభై మెగాహెర్ట్జ్ తగ్గించాను, వంద తగ్గించాను. నేను రౌండు అంకెల్లోనే దిగుతాను, అది నా పద్ధతి. ఎక్కడ పెట్టినా ఆగింది. కంపెనీ స్పీడులో మాత్రం నిక్షేపంగా నడిచింది. కానీ ఆ స్పీడుతో మాకు లాభం లేదు.

అది ఆగిన ప్రతిసారీ ఏం చేయాలో ఇక్కడ చెప్పాలి. బటన్ నొక్కి ఆర్పి, మళ్లీ వెలిగించాలి. లావణ్య పాస్‌వర్డ్ కొట్టాలి. మిషను ఒకసారి బిగుసుకుందంటే, స్పీడు పెంచే సాఫ్ట్‌వేర్ భయపడి కంపెనీ స్పీడుకు వెళ్లిపోతుంది, దాన్ని మళ్లీ చేత్తో పెంచాలి. తర్వాత ఫైలు తెరిచి, ఏ బొమ్మ దగ్గర ఆగిందో చూసి, అక్కడి నుంచి మొదలుపెట్టాలి. ఇందులో ఏ ఒక్కటీ దానంతట అది జరగదు. ఒకరు కూర్చుని చేయాలి.

మేము ఇలా కుస్తీ పడుతుంటే రాజవ్వ చాయ్ తెచ్చి, నేను ఏం చేస్తున్నానో అడిగింది. మిషను జోరు పెంచుతున్నానని చెప్పాను.

"మీ పెద్దనాయిన గూడ గంతే బిడ్డా. మోటరుకు పుల్లీ మార్చి సాంచ జోరు పెంచెటోడు. ఒక్కో సాంచకు ఒక్కో జోరు పడతది. గది దొరికెదాక పోగులు తెగుతనే ఉంటయ్."

పెద్దనాయిన అంటే నర్సయ్యే. పోగు తెగితే సాంచ ఆగిపోతుంది. ఆసామి వచ్చి, పోగు అతికించి, మళ్లీ నడుపుతాడు. ఇంట్లో అన్నం వండుకుంటూనే, సందు అవతల ఏ సాంచ ఆగిందో రాజవ్వ చెప్పేదట. అటువంటి చెవులు ఆ ఊళ్లో చాలామందికి ఉన్నాయి. అందులో వింతేమీ లేదు.

ఆ రాత్రికి కంపెనీ స్పీడులో వదిలేసి పడుకున్నాం. ఆదివారం మళ్లీ మొదలుపెట్టాం. మధ్యాహ్నం రాజవ్వ అన్నానికి పిలిచింది. వంద తగ్గించిన స్పీడు దగ్గర రెండరింగ్ పెట్టి, స్క్రీను మీద పక్కనే నా పరీక్షల విండో ఒకటి తెరిచి ఉంచి, ఇద్దరం బయటికి వచ్చాం. షట్టరు దించి నేనే తాళం వేశాను. తాళంచెవి నా పర్సులో పెట్టుకున్నాను. షెడ్డుకు వేరే దారి లేదు, కిటికీలకు ఇనుప జాలీ ఉంది. నెట్ కేబుల్ శనివారమే పీకేశాను, మధ్యలో అప్‌డేట్లు దూరి పరీక్ష చెడగొడతాయని. ఎక్కడో కూర్చుని ఆ మిషనును ఎవరూ నడపలేరు.

రాజవ్వ కూడా మాతో పాటే కూర్చుంది. మామిడికాయ పప్పు, మక్కగారెలు. తింటూ తింటూ ఆమె చేయి నోటి దగ్గర ఆగిపోయింది.

"ఆగింది" అంది.

ఏమిటని అడిగాను. ఆమె సందు వైపు చెవి పెట్టి అలాగే కూర్చుంది. ఆ షెడ్డులో సాంచ లేదు. ఉన్నదల్లా కంప్యూటర్. దాని ఫ్యాను చప్పుడు షట్టరు బయటికే వినపడదు, ఇక సందు దాటి ఎక్కడ వస్తుంది? పక్క షెడ్లకు ఆదివారం సెలవు, వీధంతా నిశ్శబ్దంగా ఉంది. ముసలితనం అనుకుని నేను ఇంకో గారె వేసుకున్నాను. లావణ్య మాత్రం తల్లి మొహమే చూస్తోంది.

కాసేపటికి రాజవ్వ "మల్ల నడిసింది" అని ముద్ద నోట్లో పెట్టుకుంది.

చేతులు కడుక్కుని వెళ్లి తాళం తీశాను. రెండరింగ్ నడుస్తోంది. చూశావా, నడుస్తూనే ఉందని లావణ్యతో అనబోయాను. కానీ నేను తెరిచి ఉంచిన పరీక్షల విండో స్క్రీను మీద లేదు. మిషను వెలిగి ఎంతసేపైందో చూశాను. పొద్దుటి నుంచి ఆర్పని మిషను, మేము అన్నం తింటున్నప్పుడు ఆరి, మళ్లీ వెలిగినట్టు చూపించింది. పాస్‌వర్డ్ పడింది. ఫైలు తెరుచుకుంది. ఆగిన బొమ్మ దగ్గర నుంచే, ఒక్కటి కూడా పోకుండా, పని మొదలైంది. ఇక స్పీడు. అది కంపెనీ స్పీడు కాదు, నేను పెట్టిందీ కాదు. కంపెనీ స్పీడు మీద నూట ముప్పై ఏడు ఎక్కువ ఉంది. అటువంటి అంకె నా జన్మలో నేను పెట్టలేదు.

లావణ్యను నిలదీశాను. ఆమె నా పక్కనే కూర్చుని తిన్నది, నాకూ తెలుసు, అయినా నిలదీశాను. ఆమె నా మాట వినిపించుకోలేదు. స్టూలు మీద కూర్చుని, ఒక్కో బొమ్మ పూర్తవుతుంటే చూస్తూ కళ్లు తుడుచుకుంటోంది. ఆమెకు భయం లేదు. భయం వేసింది నాకు. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఆ తర్వాత కార్డు ఒక్కసారి కూడా ఆగలేదు. చీకటి పడేలోగా యాడ్ పూర్తయింది. లావణ్య నెట్ కేబుల్ పెట్టి స్టూడియోకు పంపింది.

నేను ఊరుకోలేకపోయాను. కేబుల్ మళ్లీ పీకి, పరీక్షకు కూర్చున్నాను. ఆ అంకెకు ఒకటి పెంచితే ఆగింది. అది సరే. ఒకటి తగ్గిస్తే అదీ ఆగింది. ఇలా జరగకూడదు. బండి ఎనభైలో నిలకడగా పోతున్నప్పుడు డెబ్బై తొమ్మిదిలో పడిపోదు కదా. మళ్లీ నూట ముప్పై ఏడు పెట్టాను. హాయిగా నడిచింది.

సోమవారం పొద్దున్నే శంకర్ వచ్చాడు. స్టూడియో నుంచి ఇంకా ఏ కబురూ లేదు. సిమెంటు లారీ సందు మొగదల ఆగి ఉంది.

"తాళంచెయ్యి ఇయ్యి వదినె. లారీ అచ్చింది" అన్నాడు.

రాజవ్వ వాకిలి ఊడుస్తోంది. చీపురు ఆపకుండానే చెప్పింది. "షెడ్డు ఖాళీగ లేదు శంకరూ. మీ అన్న పనిల ఉన్నడు."

శంకర్ నవ్వాడు. ఆమె నవ్వలేదు. జరిగింది లావణ్య చెప్పింది. మొత్తం విని ఆయన నా వైపు తిరిగాడు.

"మేడం, మీరన్న చెప్పుండ్రి. మిషన్ దానంతట అదే ఆగి, అదే నడుసుడు ఉంటదా?"

"ఉండదన్నా."

"మరి ఎవలు నడిపిండ్రు?"

యూపీఎస్ గురించి చెప్పగలను. ఎస్ఎంపీఎస్ గురించి, కార్డును నడిపే సాఫ్ట్‌వేర్ గురించి పొద్దుగూకేదాకా చెప్పగలను. అప్పటిదాకా ఏ కస్టమర్ ఏమడిగినా నా దగ్గర జవాబు లేకుండా లేదు. "తెల్వదన్నా" అన్నాను.

ఆయన షెడ్డు దాకా వెళ్లి, మూసి ఉన్న షట్టరు ముందు కాసేపు నిలబడ్డాడు. తిరిగి వచ్చేసరికి కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "అన్నకు పని మీద ఉన్నప్పుడు పిలిస్తె కోపం, వదినె. నేను పోత" అన్నాడు. లారీని ఆయనే చేయి ఊపుతూ వెనక్కి పంపించాడు. పని మీకే అని స్టూడియో వాళ్లు ఫోన్ చేసింది ఆ తర్వాత.

లావణ్య ఇప్పుడూ ఆ షెడ్డులోనే పని చేసుకుంటోంది. మధ్యలో శుభ్రం చేస్తానని చెప్పి ఆ కార్డును జగిత్యాల తెచ్చుకున్నాను. నిజానికి దాని గుట్టు తేల్చాలనే తెచ్చుకున్నాను. నా బల్ల మీద నూట ముప్పై ఏడు పెట్టి ఆ యాడ్ పనే అప్పగిస్తే, చాయ్ చల్లారేలోపు బిగుసుకుపోయింది. మిషన్లు మార్చి మార్చి చూశాను, నిలవలేదు. తిరిగి సిరిసిల్ల తీసుకెళ్లి ఆ షెడ్డులో పెడితే, ఏమీ ఎరగనట్టు నడిచింది.

ఏదో కారణం ఉండే ఉంటుంది. అది నాకు ఇప్పటికీ దొరకలేదు, వెతకడమైతే మానలేదు. రేపు దొరికితే రాజవ్వకు చెప్పాలా వద్దా అన్నది మాత్రం ఇంకా తేల్చుకోలేకుండా ఉన్నాను.