నేల మీద గీసిన పాదాలు

మా మనవరాలి పియానో మాస్టారు పోయారని పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున రేపల్లె నుంచి వాళ్ళావిడ ఫోను చేసింది. తెనాలిలో మా ఇంటి వసారాలో నిలబడి విన్నాను. ఆయనకు చెప్పవలసిన మాట ఒకటి ఏడేళ్ళుగా నా దగ్గరే ఉండిపోయింది. ఆయనకు చెప్పలేకపోయాను కనుక మీకు చెబుతున్నాను.

నేను ముప్ఫై నాలుగేళ్ళు లెక్కల టీచరుగా పనిచేశాను. నా క్లాసులో పిల్లలు గోడకు ఆనుకోకూడదు, బల్ల మీదికి వంగకూడదు. మనవరాలిని తొమ్మిదో ఏట నుంచి ప్రతి ఆదివారం పాఠానికి రేపల్లె రైల్లో తీసుకెళ్ళేటప్పుడూ నడుం నిటారుగా పెట్టి కూర్చోమనే చెప్పేదాన్ని.

మాస్టారి పద్ధతి వేరు. మద్రాసులో ఎవరో వద్దనుకున్న పెద్ద పియానో ఒకటి తెచ్చుకుని, దాని మూత ఎత్తి పెట్టేవారు. ఒక చెయ్యి వాయించే మెట్ల మీద, రెండోది లోపలి తీగల మీద. తీగను అరచేత్తో అదిమి పట్టి మెట్టు నొక్కితే ఆ మోత డప్పు మోతలా మారిపోయేది. ఒక్కోసారి ముంజేతిని మొత్తంగా మెట్ల మీద వాల్చి, ఒంటి బరువు మెల్లగా వదలమనేవారు. ఇదంతా కూర్చుని అయ్యే పని కాదు. లేచి, ఎడమ పాదం ముందుకు వేసి, తుంటి దగ్గర వంగాలి. ఎక్కడ నిలబడాలో తెలియడానికి పిల్ల పాదాల చుట్టూ నేల మీద తెల్ల రంగుతో గీత గీశారు. పాదాలు పెరిగితే మళ్ళీ గీసేవారు.

"చెయ్యి చివర్న వస్తుందమ్మా. ముందు పాదం వెళ్ళాలి," అనేవారు. ఒకసారి మేము రామాపురం సముద్రానికి వెళ్తున్నామని తెలిసి, "వల లాగేవాళ్ళని చూసి రా. చేతుల్తో లాగుతున్నారో, మడమల్తో లాగుతున్నారో వచ్చి నాకు చెప్పాలి," అన్నారు దానితో.

నాకు ఒళ్ళు మండేది. "ఏంటండీ ఇది? సంగీతమా, బావిలో పడ్డ చెంబు తీయడమా?" అన్నాను ఒకరోజు.

ఆయన పగలబడి నవ్వారు. "చెంబు తీసేటప్పుడైనా కాళ్ళు కుదురుగా ఉండాలి కదండీ టీచరుగారూ!"

పిల్లకు పదకొండో ఏడు వచ్చినప్పుడు బాపట్లలో ఒక హాల్లో తన శిష్యుల కచేరీ పెట్టారు. పియానోను వరిగడ్డి పరిచిన లారీలో రేపల్లె నుంచి తెచ్చారు. ముందు వరసల నిండా మా బంధువులే. వాళ్ళ ఎదుట ఆడపిల్ల లేచి ఆ పెట్టెలోకి వంగితే ఏమనుకుంటారోనని నాకు గుబులు పట్టుకుంది. తెర వెనక దాని చెవిలో, "స్టూలు మీంచి లేచావో, ఇక రేపల్లె రైలెక్కవు," అన్నాను.

అది లేవలేదు. కూర్చునే చెయ్యి చాపింది. తీగలు అందలేదు. ఇంకా సాగింది. భుజం పట్టేసి, రెండో మోచెయ్యి జారి ధనామని మెట్ల మీద పడింది.

"పాప పియానో రిపేరు చేస్తోందిరోయ్!" అన్నారెవరో వెనక నుంచి. హాలంతా నవ్వులు.

మాస్టారు వేదిక మీదికి వచ్చి పిల్లను పొదివి పట్టుకున్నారు. "తప్పు నాదండి. నేనే సరిగ్గా నేర్పలేదు," అని అందరికీ చేతులు జోడించారు. పిల్ల నా వైపు చూసింది. నేను పైట సర్దుకున్నాను.

ఆ మాట పట్టుకుని తల్లిదండ్రులు ఒక్కొక్కరే పిల్లల్ని మానిపించారు. నేనూ మానిపించాను. ఎందుకని అడిగినవాళ్ళతో, "ఆయనే ఒప్పుకున్నారు కదండీ," అన్నాను. ఈ వాక్యం రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది.

కొన్నాళ్ళకు తెనాలి స్టేషన్లో ఎదురుపడ్డారు. "అమ్మాయి భుజం నొప్పి తగ్గిందాండి?" అని అడిగారు. నొప్పి సంగతి మేమెవ్వరమూ ఆయనకు చెప్పలేదు. "తగ్గిందండి," అన్నాను. ఇంకొక్క మాట అనడానికి వ్యవధి ఉంది. రైలు వచ్చేదాకా పట్టాల వైపు చూస్తూ నిలబడ్డాను.

పెద్దకర్మ రోజున రేపల్లె వెళ్ళాను. జనం పలచబడ్డాక వాళ్ళావిడతో, "ఆ రోజు తప్పు ఆయనది కాదమ్మా. లేవొద్దని పిల్లని బెదిరించింది నేను," అన్నాను.

"ఆయనకి తెలుసండి," అందావిడ.

"ఎలా తెలుసు?"

"పాప కాళ్ళు రెండూ స్టూలు కోళ్ళకి మెలేసుకుని కూర్చుందంటండి. 'నేను నేర్పిన పిల్ల అలా కూర్చోదు, ఎవరో లేవకుండా కూర్చోబెట్టారు' అన్నారు ఇంటికొచ్చాక. ఎవరని నేనడిగితే మాట మార్చేశారు."

లోపలి గదిలో పియానో మూత ఎత్తే ఉంది. నేల మీద ఆ గీతలు చెక్కు చెదరలేదు. ఒకదాని బయట ఒకటి, మూడు జతల చిన్న పాదాలు. చెప్పులు గుమ్మం బయటే ఉన్నాయి. వెళ్ళి ఆ గీతల్లో నిలబడ్డాను. నా వేళ్ళు గీత దాటాయి. ఎడమ పాదం ముందుకు వేసి, ఆయన చెప్పినట్టే వంగాను. తీగలు చేతికి అందాయి. అరచెయ్యి ఆనించి, రెండో చేత్తో ఒక మెట్టు నొక్కాను. నా చేతి కింద తీగ సన్నగా వణికింది. ఆ వణుకు ఆగిపోయాక కూడా నేను చెయ్యి తీయలేదు.