టార్పాలిన్ మామ కుట్టిన సంచులు

పోయిన శుక్రవారం మధ్యాహ్నం టార్పాలిన్ మామ చనిపోయాడు. వాట్సాప్‌లో కబురు చూశాను. వెంటనే మా బడి గ్రూపులో దండాల బొమ్మలు వరస కట్టాయి. పెట్టిన ప్రతివాడి మీదా నాకు ఒళ్ళు మండింది. అందరికంటే ఎక్కువ నా మీదే.

మామ మీలో చాలామందికి తెలియకపోవచ్చు. అనకాపల్లిలో లారీ టార్పాలిన్లు కుట్టేవాడు. నేను ప్రభుత్వ బడి మేష్టారిని. పిల్లల్ని చీడికాడ వైపు కొండలెక్కించి, రెండు రోజులు గుడారాల్లో ఉంచాలన్నది నా పిచ్చి. వీపుసంచుల ధరలు విని షాపులోంచి ఉత్త చేతులతో బయటికొస్తే, ఎదురుగా మామ కొట్టు కనిపించింది. విషయం చెప్పాను. చిరిగిన టార్పాలిన్లతో సంచులు, పాత కార్ల సీటు బెల్టులతో భుజాలకి పట్టీలు, మిగిలిన గుడ్డతో గుడారాలు కుట్టిపెట్టాడు.

మొదటిసారి గుడారం వేసిన గంటకే చీమలు దండెత్తాయి. అది బెల్లం లోడ్ల మీద కప్పిన టార్పాలిన్ మరి! మామ తల కొట్టుకున్నాడు.

"నా బుర్రకేటయింది మేష్టారూ! బెల్లం సంగతి అనకాపిల్లోడికి తెలకపోతే ఇంకెవుడికి తెలుత్తాది?"

అప్పటినుంచి గుడ్డ కత్తిరించే ముందు నాలిక ఆనించి చూసేవాడు. తియ్యగా తగిలితే కుంకుడు రసంలో నానబెట్టాల్సిందే. కుట్టిన ప్రతి సంచిలో ఇటుకలు నింపి ఒక రోజంతా దూలానికి వేలాడదీసేవాడు. ఎందుకింత చాదస్తమని నవ్వితే, "పిల్లలు కొండెక్కినాక తెగితే ఎవుడొచ్చి కుడతాడు?" అనేవాడు. ఆరేళ్ళలో ఒక్క పట్టీ తెగలేదు.

పోయిన ఏడాది ఒక దాత దిగాడు. మెరిసే కొత్త సంచులిస్తాడట, వాటి మీద తన ఫొటో ఉంటుందట. సరే, ఇవ్వనీ. కానీ అవి పంచే సభలో మామ కుట్టిన ఆ డొక్కు సంచులు కనపడకూడదన్నాడు. డొక్కువట! నేను నోరు మూసుకుని, పిల్లల చేత మామ సంచులన్నీ బడి వెనక కుప్ప పోయించాను. మామని సభకి పిలిచిందీ నేనే. ఆయన వెనక గేటు నుంచి వచ్చాడు, కుప్ప చూశాడు. ఆటో పిలిచి అన్నీ వేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడే వెళ్ళి జరిగింది చెప్పాల్సింది. సిగ్గుతో ఆ వీధి మొహమే చూడలేదు. దాత సంచుల జిప్పులు మొదటి కొండకే ఊడిపోతే, నెలల తరబడి వాడిని తిట్టుకుంటూ నా తప్పు మాత్రం తప్పించుకు తిరిగాను.

నిన్న వెళ్ళాను. మామ భార్య, అత్త, వచ్చి కొట్టు తలుపు తీసింది. నేను నోరు విప్పేలోపు ఆవిడే అడిగింది.

"ఏ సంచి తెగిపోయింది బాబూ?"

నాకు అర్థం కాలేదు.

"ఎక్కడో నా కుట్టు పోయుంటాది, లేపోతే మేష్టారు పారేత్తారా, అనీవోరు మీ మామ. పనయ్యేక రోజూ ఒక్కోటీ ఇప్పి ఎతుక్కునీవోరు. ఆకరికి దొరకనేదు."

"ఏదీ తెగలేదత్తా. అన్నీ బాగున్నాయి" అన్నాను. వినాల్సినవాడు లేడు.

కొట్టు నిండా సంచులు కుట్లు విప్పేసి, ముక్కలుగా పరిచి ఉన్నాయి. మామ వెతికి చూసిన ప్రతి అతుకు పక్కనా సుద్దతో గీత. మిషను మీద ఇంకొక్క సంచి, సగం విప్పి ఉంది.