పంపుల స్టాల్‌ల ధూపం

2024ల సౌదీల, దమ్మాం పట్నంల వ్యవసాయ పరికరాల ఎగ్జిబిషన్. నాది జగిత్యాల దిక్కు, ఈడ ఎగ్జిబిషన్లకు స్టాళ్లు కట్టుడు నా పని. ఆసారి ఒక నీళ్ల పంపుల కంపెనీకి కడుతున్న. దాని మార్కెటింగ్ మేనేజర్ భాస్కర్ సారు, భీమవరం ఆయన. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఆయనకు ఖరాఖండిగ చెప్పిండట: "ఈసారి హఫర్ అల్ బాతిన్ ఊర్ల డీలర్ దొరకకుంటె నీకు ఫైనల్ ఎగ్జిటే." ఉద్యోగం ఊడి ఇంటికి పోవుడే అన్నట్టు. పాపం, మనిషికి నిద్ర లేదు. మమ్ములనూ సతాయించి చంపిండు.

సారుకు గోడంత ఎల్‌ఈడీ తెర గావాలె. నేను వద్దన్న. "హాల్ నిండ తెరలే ఉన్నయి సార్, ఎవడు చూస్తడు? కట్ మోడల్ పెడదాం." కట్ మోడల్ అంటే పంపును నిలువున కోసి, లోపలి రెక్కలు తిరుగుడు, నీళ్లు ఎక్కుడు కనవడేటట్టు అద్దం బిగించిన నమూనా. ఎట్లనో ఒప్పుకున్నడు. అంతల కఫీల్ మజ్లిస్ గావాలన్నడు. మజ్లిస్ అంటే సుట్టాలను కూసోవెట్టే అరబ్బు బైఠక్: తివాచీ, దిండ్లు, గహ్వా అనే అరబ్బు కాఫీ పోసేటందుకు ఒక యెమనీ పనోడు. మజ్లిస్ ముంగటికొచ్చింది, పంపు ఎనుక మూలకు పోయింది.

ఇగ సూడున్రి! పొద్దుగాల్నించి స్టాల్ కిటకిట. పక్క స్టాళ్లోళ్లు గూడ వచ్చి, ఖర్జూరాలు తిని కాళ్లు సాపుకుంటున్రు. పంపు మొకం చూసినోడు లేడు. సారుకేమో సంబరం. "చూశావా మల్లేశం, జనం ఎలా ఎగబడుతున్నారో!" నాకు ఒళ్లు మండింది.

పగటీలి అబూ నాసర్ వచ్చిండు. హఫర్ అల్ బాతిన్‌ల పెద్ద పంపుల వ్యాపారి, మేం కండ్లు కాయలుగాసేటట్టు ఎదురు చూసింది ఈయన కోసమే. పెద్దాయన దిండుకు ఒరిగిండో లేదో, ఇంక గహ్వా గూడ పొయ్యలే, సారు బొగ్గుల మీద బఖూర్ ఏసి పట్టుకొచ్చిండు. బఖూర్ అంటే ఈడి సాంబ్రాణి. మంచి పని మొదలైతున్నప్పుడు మనింట్ల ముందుగాల ధూపమే గద! నాకు గూడ మంచిగనే అనిపించింది.

అబూ నాసర్ ఒకసారి ధూపం దిక్కు చూసిండు, ఒకసారి మా దిక్కు చూసిండు. శాలువా సదురుకొని లేసిండు. ఆయనెంబడి మజ్లిస్ మొత్తం లేసింది.

"కూర్చోండి బాబా, ఎక్కడికి?" సారు ఉర్దూల బతిమాలిండు.

"పొమ్మంటవ్, మల్ల కూసోమంటవ్. ఏదో ఒకటి చెప్పు నాయనా," అన్నడు పెద్దాయన.

యెమనీ నవ్వాపుకోలేక చెప్పిండు. ఈడ ధూపం ఆఖరుకు తెస్తరట. అది వచ్చిందంటె సుట్టం ఇగ లేవాలెనట.

సారు మొకం తెల్లవడ్డది. "నా పనైపోయిందయ్యా మల్లేశం," అని తివాచీ మీద కూలవడ్డడు. నేను ఆయన చేతుల ధూపం గుంజుకొని ఉరికి, కట్ మోడల్ పక్కన పెట్టిన.

"బాబా, పోతె పోదురు గని, ధూపం తీసుకొని పోన్రి!"

వద్దంటె మర్యాద కాదాయె, వచ్చిండు. శాలువాకు పొగ పట్టుకుంట పంపు మీదికి వంగిండు. "ఇది ఇసుక నీళ్లు గుంజుతదా?" అన్నడు. సారు ఒక్క దుంకుల వచ్చి జవాబు మొదలువెట్టిండు. లేసినోళ్లందరు ధూపం కోసం ఆడనే నిలవడి, పంపును ఎగాదిగా చూసుడు షురూ చేసిన్రు.

అబూ నాసర్ డీలర్‌షిప్‌కు ఒప్పుకున్నడు. పోయేటప్పుడు సారు భుజం తట్టి, "మా ఇంటికి భోజనానికి రా. ధూపం మాత్రం నేనే తెస్త," అన్నడు. సారు నవ్వుకుంట కండ్లు తుడుసుకున్నడు.

గప్పటిసంది ఎవరన్న స్టాల్ డ్రాయింగ్ తెచ్చి, వచ్చినోళ్లు ఎంత మంచిగ కూసుంటరో చెప్తుంటె, నేను ఒక్కటే అడుగుత: "లేసినంక ఏడికి పోతరు?" అమ్మేటి వస్తువు ఆ తొవ్వల లేకుంటె, ఎంత సింగారించినా దండుగే.