సంచిలోని విజిల్

హైదరాబాద్ చుట్టూ ఐటీ కంపెనీలు పుట్టుకొస్తున్న రోజులవి. చేవెళ్లలో బస్సెక్కిన ఫైర్‌మన్ ఒకతను నా పక్కన కూర్చున్నాడు. కుదుపుకి అతని ఒళ్లోని సంచిలోంచి పొగలో ఊపిరికి పెట్టుకునే మసిబారిన ముసుగు, గాలి సిలిండరు బయటికి జారాయి. ముసుగు తుడిచి ఇవ్వబోతే చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"తుడవకు అన్నా. పట్నంల దీన్ని పరీక్ష చేసేదాక గట్లనే ఉండాలె."

"ఏమైంది?"

"కంప్యూటర్ల గోదాముల మంటలు. మావోడు ఇది పెట్టుకొని లోపలికి పోయిండు, మళ్ల రాలే. గాలి అయిపోవస్తే దీని విజిల్ దానంతట అదే మోగుతది. నేను తలుపుకాడనే ఉన్న. నాకు వినబడలే." ముసుగుని సంచిలో పెట్టుకున్నాడు. "పరీక్షల మోగకపోతే తప్పు దీనిది. మోగితే నాది."

అతను ఏది కోరుకుంటున్నాడో తెలియకుండానే, సిలిండరుని తుడవకుండా ఎత్తి సంచిలో పెట్టాను.

మొయినాబాద్‌లో కండక్టర్ విజిల్ వేశాడు. ఫైర్‌మన్ ఉలిక్కిపడి, సంచిని ఎత్తి చెవికి ఆనించుకున్నాడు.